మూగజీతాల కోసం పరుగు

"ఇదేమిటి? పైకి చదవండి!"

ఆమె విసిరిన టీషర్టు, ప్రింటింగ్ షాపు నడిపే అతని ముఖాన పడింది. అతను దాన్ని విప్పి చూసుకున్నాడు. ఛాతీ మీద ఎర్రగా, పెద్దగా ఉంది: మూగజీతాల కోసం పరుగు.

"జీవాలండీ, జీవాలు! నేను రాసిచ్చింది 'వ'. మీరు వేసింది 'త'!"

బాబాయి నడిపే జంతువుల ఆశ్రమంలో ఆమె నర్సు. మారథాన్ రేపు పొద్దున్నే. వచ్చే డబ్బుతో ఆపరేషన్ గది కట్టాలి. ఆ గది లేకనే పోయిన వానల్లో లారీ గుద్దిన కుక్క ఆమె ఒళ్ళోనే ప్రాణం విడిచింది.

"అసలే అందరూ కుక్కల పేరు చెప్పి మేమే తింటున్నాం అంటున్నారు. ఇప్పుడు మా జీతాల కోసం పరిగెత్తండని మేమే టముకు వేసుకున్నట్టుంది! ప్రూఫ్ చూపించమన్నానా, లేదా?"

"అన్నారు."

"మరి?"

"మీరు వచ్చి మాట్లాడుతున్నంతసేపూ నేను అక్షరాలు చూడలేదండీ."

"మరేం చూశారు?"

అతను మిషన్ వైపు తిరిగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"తప్పు చేసి, పైగా సిగ్గొకటి! ఆ 'త' తుడిచేయండి."

"ఈ రంగు ఒకసారి ఆరితే పోదండీ. చొక్కా చిరుగుతుంది గానీ అక్షరం పోదు."

గుమ్మంలో గొడుగు దులుపుతున్న బాబాయి నిట్టూర్చాడు. "ఆదిలోనే హంసపాదు!"

అతను చటుక్కున తలెత్తాడు. "అదేనండీ! రాసేటప్పుడు అక్షరం తప్పిపోతే హంసపాదు గుర్తు పెట్టి పైన ఇరికిస్తాం కదా. 'త' తీయలేను. ఇంకొకటి ఇరికిస్తాను. రేపు నేను కూడా పరిగెత్తుతాను."

"మీరా? బస్సు వెనకాల పరిగెత్తిన ముఖం కూడా కాదు!"

తెల్లవారింది. సన్నగా తుంపర. ప్రతి చొక్కా మీదా 'జీ'కీ 'తా'కీ నడుమ ఒక హంసపాదు, దాని పైన బుల్లి 'వి'. మూగజీవితాల కోసం పరుగు.

దారి పొడవునా జనం ఆగి చదివారు, నవ్వారు, డబ్బాల్లో నోట్లు వేశారు. "తప్పు దాచకుండా దిద్దుకున్నారు. వీళ్ళని నమ్మొచ్చు" అన్నాడొక పెద్దాయన.

ఆమె ముగింపు గీత దాటేసింది. అందరూ వచ్చేశారు. అతను మాత్రం రాలేదు. మాట కూడా అచ్చుతప్పేనా అని పళ్ళు నూరుకుంది. అయినా రోడ్డు మలుపు మీంచి చూపు తిప్పలేదు.

టెంట్లు విప్పుతుండగా కుంటుకుంటూ వచ్చాడు. ఆమె అతన్ని కూర్చోబెట్టి, బూట్లు లాగేసి, బొబ్బలకు మందు రాసింది.

"కాళ్ళు చూసుకోనక్కర్లేదా?"

"ఇప్పుడు కూడా వేరేదే చూస్తున్నానండీ."

ఆమె కట్టు గట్టిగా బిగించింది. "అబ్బా!" అన్నాడు.

"కోపం ఇంకా పోలేదా అండీ?"

"ఒకసారి ఆరితే పోదు."

"పోనీ, తీయొద్దు. పక్కన కాస్త చోటిస్తే నన్ను నేనే ఇరికించుకుంటాను."

ఆమె బుగ్గలు చొక్కా అక్షరాల రంగులోకి మారాయి. "చాల్లెండి! పెళ్ళికార్డు మాత్రం చచ్చినా మీ షాపులో వేయించను."

"ఎవరి పెళ్ళికార్డండీ?"

ఆమె నాలుక్కరుచుకుంది.

డబ్బా మోసుకొస్తున్న బాబాయి ఆగి, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అచ్చు వేసేది అతనేనమ్మా" అన్నాడు. "ప్రూఫ్ నువ్వు చూడు."