ఒకటా, ఏడా?

ఆ తేదీ నవంబరు పద్నాలుగు. పొద్దున బ్రీఫింగ్ గదిలో రెండు ఉడకబెట్టిన గుడ్లు, సగం అరటిపండు తిన్నట్టు 'పిచ్చుక' అనే గూఢచారికి ఏళ్ల తరువాత కూడా గుర్తుంది. మిగతా సగం ఎందుకు మిగిలిపోయిందో కూడా.

"విద్యార్థి సంఘం ఎన్నికా సార్? సరిహద్దులు దాటొచ్చినవాణ్ణి, పిల్లలాటకి పంపిస్తారా?" అన్నాడు మొదట.

చీఫ్ నవ్వలేదు. "గెలిచిన అధ్యక్షుడికి యూనివర్సిటీ పాలకమండలిలో కుర్చీ ఉంటుంది. రేపు ఆ మండలి ముందుకి రక్షణ పరిశోధన ఫైల్ వస్తోంది. శత్రు ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తున్న మనిషి పేరు అందులో ఉంది. ముఠా తమ అభ్యర్థిని నిలబెట్టింది. వాడు గెలిస్తే ఆ మనిషి ఎల్లుండి పొద్దు చూడదు."

"ఫైల్ ఆపేస్తే?"

"ఎందుకు ఆపామో వాళ్లకి అర్థమైపోతుంది."

"ఎవరా మనిషి?"

"నెమలి."

పిచ్చుక చేతిలో పండు అక్కడే ఆగిపోయింది. నెమలి డబుల్ ఏజెంట్. పట్టు స్కార్ఫు వేసుకుని నడిచొస్తే వరండాలో మాటలు ఆగిపోతాయి. ఆమె చివరికి ఎవరి పక్షమో చీఫ్‌కి కూడా కచ్చితంగా తెలియదు.

చీఫ్ నిబంధనల పుస్తకం తోశాడు. "బట్టీ పట్టు. ఇక్కడ టిక్కు పెట్టరు. అభ్యర్థుల పేర్ల పక్కన ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు అని వేస్తారు. ఎవరికీ సగం దాటకపోతే అందరికన్నా వెనకబడ్డవాణ్ణి తీసేసి, వాడి చీట్లు తరువాతి ఇష్టం ప్రకారం పంచుతారు. ఒకటి అంకె లేని చీటీ చెల్లదు."

సాయంత్రం వ్యాయామశాలలో కౌంటింగ్. అతికించిన మీసంతో, అంచున భూతద్దం దాచిన కళ్లజోడుతో పిచ్చుక లైబ్రరీ క్లర్కు అయిపోయాడు. ముఠా అభ్యర్థి మీద పోటీ చేస్తున్న అమ్మాయికి అతనే కౌంటింగ్ ఏజెంటు. ఎదురుగా ముఠా తరఫు ఏజెంటుగా నెమలి కూర్చుంది. ఆమె వెనకే బూడిదరంగు కోటు మనిషి. అతని కుడిచెయ్యి ఒక్కసారి కూడా జేబులోంచి బయటికి రాలేదు.

పిచ్చుక అతికించిన మీసాన్ని మూడోసారి ఒత్తుకున్నాడు. స్టాటిస్టిక్స్ లెక్చరరే ఎన్నికల అధికారి. పిచ్చుక కంగారు చూసి, ఏమీ అడగకుండా గ్లాసుడు మంచినీళ్లు జరిపాడు. ఆ ఒక్క గ్లాసే ఆ గదిలో అతనికి దక్కిన దయ.

ఐదుసార్లు చీట్లు పంచాక ఇద్దరు మిగిలారు. ముఠా అభ్యర్థికి 612. అమ్మాయికి 571. లెక్చరరు ఫలితాల కాగితం మీద సంతకానికి పెన్ను మూత తీశాడు. సంతకం పడితే ఇక అభ్యంతరం ఉండదు.

పిచ్చుక కళ్లజోడు సర్దుకుని అవతలి కట్ట చూశాడు. మడత నలగని చీట్లు. ఒక్కో దాని మీద ఒక్కటే అంకె. ఆ ఒకటికి పొడవాటి ముక్కు! ఒకటిని అలా ఎక్కడ రాస్తారో అతనికి తెలుసు. శత్రుదేశపు హోటల్ తలుపుల మీద చూశాడు. ఇక్కడివాళ్ల కంటికి అది ఏడు. ముఠా బయట రాయించి పెట్టెలో కలిపేసిన దొంగ చీట్లివి.

లేచి నిలబడ్డాడు. గొంతు పిల్లికూతలా వచ్చింది. "అభ్యంతరమండీ. ఈ చీటీలో ఒకటి లేదు. ఏడుంది."

"ఇద్దరు ఏజెంట్లూ ఒప్పుకుంటేనే కొట్టేస్తాను. లేదంటే ఒకటిగానే లెక్క," అన్నాడు లెక్చరరు.

అందరూ నెమలివైపు తిరిగారు. కోటు జేబు కొంచెం పైకి లేచింది. పిచ్చుకకి రెండు దారులూ కనిపించాయి. ఈమె 'ఒకటి' అంటే రేపు తన పేరు తనే చదివించుకుంటుంది. 'ఏడు' అంటే ఇక్కడే పోతుంది.

"ఏమయ్యా క్లర్కూ!" నెమలి గయ్యిమంది. "ఓడిపోయే మొహానికి కళ్లజోడొకటా? ఏడైతే ఏడే, పారెయ్యండి సార్! ఒక్క చీటీకి మాకేం తరుగుతుంది? ఇంకా నలభై ఎక్కువే!"

లెక్చరరు ప్రశాంతంగా కట్ట విప్పాడు. "ఒకదానికి ఒప్పుకుంటే అలాంటివన్నిటికీ ఒప్పుకున్నట్టేనమ్మా. నిబంధన."

"అయ్యో! అన్నిటికీనా?" నెమలి నోరు తెరిచింది.

అలాంటివి యాభై ఎనిమిది తేలాయి. 554. అమ్మాయికి 571. సంతకం పడింది.

కోటు మనిషి వంగి పళ్లు నూరాడు. "బుర్రలేనిదానా! లెక్కలు కూడా రావా నీకు?"

"చిన్నప్పట్నుంచీ లెక్కలంటే భయమండీ," అంది నెమలి, స్కార్ఫు అంచుతో కళ్లొత్తుకుంటూ.

జేబులో చెయ్యి వదులైంది. ద్రోహికైతే తూటా ఖర్చు పెట్టేవాడే, తెలివితక్కువదానికి ఎందుకనుకున్నాడు కాబోలు. "మళ్లీ నా కంటపడకు," అని విసవిసా వెళ్లిపోయాడు.

గూఢచారులు తలదాచుకునే ఇంటిని చూసే పెద్దావిడని అందరూ పిన్ని అనే పిలుస్తారు. ఆ రాత్రి నెమలి పిచ్చుకతో అక్కడికి చేరి గోడకి చేరగిలబడింది. అప్పుడు గానీ స్కార్ఫు ముడి విప్పలేదు.

"నువ్వు నిజంగా మా మనిషివేనా?" అడిగాడు పిచ్చుక.

"ఇంకా లెక్క తేలలేదా మాస్టారూ?"

జరిగింది విన్న పిన్ని ఆమె భుజాల మీద దుప్పటి కప్పింది. "లెక్కలు రానివాళ్లు బతకలేరని మా నాన్న తెగ కొట్టేవాడు. ఆయన్ని పిలిచి చూపించాలి నిన్ను," అంటూ చప్పుడు కాకుండా తలుపు వేసేసింది.