కపాల భస్మం

ప్రమాది నామ సంవత్సరం... ఆషాఢ బహుళ అమావాస్య... సాయంత్రం అయిదు దాటింది!

పడమటి ఆకాశంలో సూర్యబింబాన్ని ఏదో కరాళదంష్ట్ర కొంచెం కొంచెంగా కొరుక్కు తింటోంది. గ్రహణం! మోకాలెత్తు పెరిగిన పత్తిచేల మీద బూడిదరంగు వెలుతురు పరుచుకుంది. పొద్దు గూకిందనుకుని కాకులు గోలగోలగా తుమ్మచెట్ల మీదికి చేరాయి. ఎక్కడో ఒక గుడ్లగూబ కూసి, తన గొంతుకు తానే జడిసినట్టు ఆగిపోయింది. దూరాన మేఘం ఉరిమింది.

ప్రత్తిపాడుకు దక్షిణాన ఉన్న ఆ ఊళ్ళో ఇంటింటికీ తలుపులు బిడాయించారు. గ్రహణవేళ చంటిబిడ్డను వాకిట్లోకి కూడా తేరు. కానీ... ఒక తల్లి మాత్రం పసివాణ్ణి కొంగులో చుట్టుకుని చేలగట్ల మీద పడుతూ లేస్తూ పోతోంది!

శ్రీదివ్య ఆమె పేరు. చీరాలలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగి, యలమందను పెళ్ళాడి ఈ నల్లరేగడికి వచ్చిన పిల్ల. ఒకప్పుడు ఆమె నవ్వితే పక్కింటివాళ్ళు కూడా నవ్వేవారు. ఇప్పుడామె కళ్ళూ ముక్కూ ధారలుగా కారుతున్నాయి. అంత ఉక్కలోనూ ఒళ్ళంతా గగుర్పొడుస్తోంది. ఆవలింత మీద ఆవలింత... పేగుల్ని ఎవరో పిడికిట పట్టి పిండుతున్నట్టు నొప్పి! చెవిలో ఒక ఆడగొంతు, తేనెలో ముంచి తీసినట్టున్న గొంతు, వదలకుండా పిలుస్తోంది.

"రావే... ఒక్క చిటికెడు... అన్నీ సద్దుకుంటాయి..."

ఆ గొంతు ఆమెలో చేరి నాలుగు నెలలైంది.

ప్రసవమయ్యాక శ్రీదివ్యకు నడుం నొప్పి పట్టుకుంది. రాత్రిళ్ళు కంటి మీద కునుకు లేదు. అప్పుడు అత్త వెంకటరావమ్మ ఒక పొట్లం తెచ్చింది.

"పాలల్లో చిటికెడు కలుపుకుని తాగమ్మా. పాత పొగాకు బ్యారన్‌లో ఉండే కంకాళస్వామి ఇచ్చిన భస్మం. నొప్పి చేత్తో తీసేసినట్టు పోద్ది."

నిజంగానే పోయింది! ఆ రాత్రి ఆమె వెచ్చటి నీళ్ళలో తేలుతున్నట్టు నిద్రపోయింది. వారం తిరక్కుండా చిటికెడు చాలలేదు. నెల తిరిగేసరికి పూటపూటకీ కావలసివచ్చింది. ఆకలి చచ్చింది. మలం బిగుసుకుపోయి కడుపు రాయి అయింది. ఒంటి మీద చీర జారిపోయేంతగా చిక్కిపోయింది.

ఒకరోజు భస్మం అందలేదు. శ్రీదివ్య కేకలు పెడుతూ, వాంతులు చేసుకుంటూ, జుట్టు పీక్కుంటూ వాకిట్లో దొర్లింది! దయ్యం పట్టిందన్నారు ఊరివాళ్ళు. కంకాళస్వామి వచ్చాడు. వేపమండతో రెండు దెబ్బలు వేసి, నాలుక మీద ఇంత భస్మం రాశాడు. కాసేపటికి ఆమె వాలిపోయి శాంతించింది.

"చూశార్రా! నా పేరు వినగానే పిశాచం పడుకుంది!" అని గర్జించాడు స్వామి. ఊరంతా చేతులు జోడించింది.

నిన్నటి పొద్దున పిల్లలకు టీకాలు వేయడానికి నర్సు జయకుమారి వచ్చింది. శ్రీదివ్య బిడ్డ తొడకు సూది గుచ్చింది. పసివాడు కిక్కురుమనలేదు.

"వీడేంటి దివ్యా, సూది గుచ్చినా ఏడవట్లేదు?" జయకుమారి వాడి రెప్ప పైకెత్తి చూసింది. కంటిపాప ఆవగింజంత! "నువ్వేం తింటున్నావమ్మా? నిజం చెప్పు."

శ్రీదివ్య తల వంచుకుని చెప్పింది.

"దయ్యమూ కాదు, భస్మమూ కాదు. నల్లమందు! అందులో నిద్రమాత్రలు కూడా నూరి కలుపుతున్నాడేమో. నీ పాలల్లోంచి వీడికీ పోతోంది. ఒకరోజు ఊపిరి తీయడం కూడా మర్చిపోతాడు వీడు! ఇక పాలివ్వకు. నువ్వు కూడా ఉన్నపళాన మానేశావంటే ప్రాణం మీదికొస్తుంది, డాక్టర్లే చూసుకుంటూ మాన్పించాలి. రేపు గుంటూరు పెద్దాసుపత్రికి పోదాం, సిద్ధంగా ఉండు."

శ్రీదివ్య తలూపింది. డబ్బాపాలు పట్టించింది కూడా. కానీ రాత్రి బిడ్డ కక్కుకున్నప్పుడు, వద్దనుకుంటూనే రొమ్ముకు అదుముకుంది. తెల్లారేసరికి పొట్లం ఖాళీ. మధ్యాహ్నానికి ఎముకల్లో చీమలు పాకడం మొదలైంది. యలమంద పురుగుమందు కోసం గుంటూరు వెళ్ళాడు. అత్త పట్టపగలే మంచం మీద ఒళ్ళెరగకుండా పడి ఉంది. గ్రహణమని ఊళ్ళో ఎవరూ బండి తీయకపోవడంతో జయకుమారి ప్రయాణం మర్నాటికి మార్చింది. అప్పుడే స్వామి కబురు... "గ్రహణం పట్టగానే బిడ్డతో రా. ఇక జన్మలో అడుక్కోనక్కర్లేదు!"

చేల చివర పాడుబడిన పొగాకు బ్యారన్. కిటికీలు లేని ఎత్తయిన గోడలు. ఒకప్పుడు ఆకు వేలాడదీసిన దూలాలకు ఇప్పుడు గబ్బిలాలు వేలాడుతున్నాయి. శ్రీదివ్య లోపల కాలు పెట్టగానే తలుపు దానంతటదే మూసుకుంది!

హోమగుండం ముందు కంకాళస్వామి. పుల్లల్లాంటి చేతులు, నల్లబడ్డ పళ్ళు, లోతుకుపోయిన గాజుకళ్ళు. ఆ చేతులు వణుకుతున్నాయి. పసుపూ కుంకుమలతో వేసిన ముగ్గు పక్కన తిరగేసిన కపాలం. దాని నిండా... భస్మం!

ఆమె నోట్లో నీళ్ళూరాయి. దానికి ఆమెకే అసహ్యం వేసింది.

"ఇది మా గురువు తల!" స్వామి గొంతు గోడలకు తగిలి తిరిగొచ్చింది. "నిద్రాపిశాచిని ఇందులో బంధించాను. మీ ప్రాణాల్ని చిటికెలు చిటికెలుగా మేపాను. ఈ గ్రహణంలో దానికి పసి ఊపిరి కావాలి! పడుకోబెట్టు ముగ్గులో. కపాలం నీది!"

"ఇవ్వవే... ఇచ్చెయ్... వాడికి నొప్పి కూడా తెలీదు..." అంది చెవిలో గొంతు.

శ్రీదివ్య మోకాళ్ళ మీద కూలింది. ఆమె చేతులు ఇక ఆమెవి కావు! అవి కొంగు విప్పాయి. పసివాణ్ణి ముగ్గులో పెట్టాయి. కపాలం వైపు పాకాయి. వేళ్ళు భస్మానికి తగలబోతుండగా...

ఆమె చూపు బిడ్డ మీద పడింది.

పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. చిన్ని రొమ్ము ఒకసారి పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేస్తుందని చూసింది. లేవలేదు... లేవలేదు... ఎంతో సేపటికి ఒక్క ఎగశ్వాస!

స్వామి ఇంకా వాణ్ణి తాకనే లేదు.

"నేనే..." ఆమె గొంతు చీరుకుపోయింది. "ఓరి దేవుడా! ఇన్నాళ్ళూ నా బిడ్డను దానికి మేపుతోంది నేనే!"

ఒక్క ఉదుటున పసివాణ్ణి ఎత్తుకుంది. కాలితో కపాలాన్ని ఫెడీమని తన్నింది!

కపాలం దొర్లి గోడకు కొట్టుకుంది. భస్మం నేలంతా చిమ్మింది. గుండంలో మంట నీలంగా మారింది. "ముం... ఎంత పని చేశావే!" అని అరుస్తూ స్వామి బోర్లాపడి, మట్టితో సహా భస్మాన్ని రెండు చేతులా కూడదీసుకోసాగాడు. అప్పుడు తెలిసింది ఆమెకు. అతని ముక్కు కారుతోంది. అతని ఒళ్ళూ గగుర్పొడిచి ఉంది!

నేల మీంచి పొగ లేచింది. విరబోసుకున్న జుట్టులా అల్లుకుని, ఆడరూపం దాల్చింది. శ్రీదివ్య చెవిలో మెదిలిన గొంతే, ఇప్పుడు బ్యారన్ అంతా వినిపించింది.

"ఆకలి..."

"ఆగు! నేను నీ యజమానిని!" స్వామి మంత్రం అందుకోబోయాడు. నాలుక మడతపడింది.

"యజమానివా?" అది పకపకా నవ్వింది. గబ్బిలాలు గుంపుగా లేచాయి. "మీ గురువూ ఇదే మాట అన్నాడు!"

స్వామి చెయ్యి పైకి లేచింది. అతను వద్దు వద్దని తల ఊపుతున్నాడు. కళ్ళు బతిమాలుకుంటున్నాయి. చెయ్యి మాత్రం పిడికెడు భస్మం నోట్లో కుక్కింది! మళ్ళీ ఇంకో పిడికెడు! గొంతులో గురక... కంటిపాపలు సూదిమొనలయ్యాయి. పొగ అతని రొమ్ము మీద తీరిగ్గా కూర్చుంది. గురకకూ గురకకూ మధ్య ఎడం పెరిగింది. చివరికి గురకే లేదు!

పొగ తల తిప్పి శ్రీదివ్యను చూసింది. ఆమె కాళ్ళ దగ్గరే ఇంకా దోసెడు భస్మం ఉంది.

"నీకూ మిగిల్చాను..."

ఆమె ఒళ్ళంతా దానికోసం అరిచింది. పళ్ళు బిగించి, కొంగు నోట్లో కుక్కుకుని, భుజంతో తలుపును గుద్దింది. రెండోసారికి తలుపు ఊడింది. బయట పిడుగుపాటుతో వాన విరుచుకుపడింది. బిడ్డతో ఆమె పరిగెత్తింది.

చర్చి వీధిలో జయకుమారి ఇంటి ముందు పడిపోతూ, "అక్కా, ఊపిరి..." అంది. జయకుమారి ఇంకో మాట అడగలేదు. పసివాడి ముక్కూ నోరూ తన నోటితో మూసి, నెమ్మదిగా గాలి ఊదింది. పక్కింటి దానయ్య ఆటో తీశాడు. గుంటూరు దాకా జయకుమారి అలా ఊదుతూనే ఉంది. ఆసుపత్రిలో డాక్టర్లు ఇంజక్షన్ ఇచ్చాక వాడు కాళ్ళు తన్నుకుని ఏడుపు లంకించుకున్నాడు.

మర్నాడు బ్యారన్‌లో కంకాళస్వామి శవం దొరికింది. ఒంటి మీద గాయం లేదు. పెదవులు నల్లగా ఉన్నాయి. నల్లమందు ఎక్కువై పోయాడన్నారు డాక్టర్లు. పిశాచం మింగిందంది ఊరు.

శ్రీదివ్య మాత్రం ఆసుపత్రి మంచం మీద ఒళ్ళు విరుచుకుపోతుంటే అరుస్తోంది. యలమంద ఆమె కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. "నన్ను కట్టేయండి! లేకపోతే ఆ బ్యారన్‌కే పోతాను!" అంది. అతను ఏడుస్తూ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

రెండో సాయంత్రం వెంకటరావమ్మ వచ్చింది. కోడలి పక్కన నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట ఆగడం లేదు. మంచం అంచు పట్టుకున్న చెయ్యి టకటకా కొట్టుకుంటోంది.

"దివ్యా..." అంది సన్నగా. "మోకాళ్ళ నొప్పికని మూడేళ్ళుగా తింటున్నా. నీకు పెట్టే ముందు నేను తిని చూశా కదా, నాకేం కాలేదు కదా అనుకున్నానే. ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు. బ్యారన్ దగ్గర చేరి మట్టి జల్లెడ పడుతున్నారు!"

యలమంద తల్లి వైపు లేవబోయాడు. శ్రీదివ్య అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆ తిట్లేవో తర్వాత తిట్టండి," అంది రొప్పుతూ. "ముందు ఊరికి పోయి ట్రాక్టర్ తీయండి. వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఎక్కించుకు రండి. రానన్నవాళ్ళకి నా పేరు చెప్పండి."

తర్వాత మంచంలో గోడవైపు జరిగింది.

"ఇటు పడుకో అత్తయ్యా. నర్సమ్మా! ఈవిడకీ చీటీ రాయండి!"