బస్సు దిగిన పిల్ల

"ఫైట్లొద్దు, దెయ్యాలొద్దు, ఏడుపులొద్దు. ఇంగేం కావాల మే మీ అవ్వకి?" అని భానుశ్రీ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలదీసింది.

"నీ కొట్లో మంచి సినిమా ఒకటన్నా ఉంటే కదా ఇచ్చేదానికి!" అని ధరణి ఎదురు తిరిగింది.

నగరిలో భానుశ్రీ సీడీల కొట్టు తెరిచినప్పటినుంచీ ఇదే వరస. సినిమా తీసుకునేది క్షణం, కొట్లాడేది అరగంట. ఆ కొట్లాట కోసమే ధరణి తల దువ్వుకుని మరీ వస్తుందని ధరణికి తప్ప ఎవరికీ తెలీదు. మనసులో మాట చెబితే ఈ కాస్త స్నేహమూ పోతుందేమోనని, రోజూ కొట్లాడి సీడీతోనే వెనక్కి పోతుంది.

ఆ రోజు భానుశ్రీ బల్ల కిందనుంచి ఒక సీడీ తీసింది. అట్ట మీద హీరో లేడు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక కిటికీ, అంతే.

"ఇది సూడు" అని ఇచ్చి, మొహం తిప్పేసుకుంది.

ఆ రోజు అమావాస్య, నేతగాళ్ల మగ్గాలకు సెలవు. ధరణి వాళ్ల నాగులమ్మవ్వ ఇంట్లో టీవీ ముందు వీధిలోని ఆడవాళ్లంతా చాపలేసుకుని కూర్చున్నారు. సినిమా మొదలైంది. పాట లేదు, పరుగు లేదు. ఒకామె బియ్యం ఏరుతుంటే ఇంకొకామె చూస్తూ ఉంటుంది.

"ఈళ్లకి నోరు లేదా ఏమి?" అని పక్కింటి వరదమ్మ విసుక్కుంది.

ఆ చూపులు ఎలాంటివో అర్థమయ్యేకొద్దీ ధరణి చాప మీదనుంచి సగం లేచింది. ఆపేద్దామంటే రిమోటు అవ్వ తొడ కింద ఉంది. ఇంతలో తెర మీద ఒకామె ఇంకొకామె జడలో కనకాంబరాలు తురిమి, నుదుటి మీద ముద్దు పెట్టింది.

ధరణి కళ్లు మూసుకుంది. ఇంక వీధంతా దుమ్మెత్తిపోస్తుంది!

"అయ్యయ్యో, పూలు పెట్టేసిందే!" అంది వరదమ్మ.

నగరి ప్రాంతంలో పిల్ల తలలో పూలు పెట్టారంటే సంబంధం ఖాయమైనట్టే. ఇంక మాట మార్చడం ఉండదు. ఆ సినిమా తీసినవాళ్లకి ఈ సంగతి తెలుసో లేదో!

"ఇద్దరూ ఆడోళ్లే కదక్కా?" అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

"అయితే? పూలు పూలు కాకుండా పోతాయా?" అని అవ్వ గదమాయించింది. "ఇష్టపడే కదా పెట్టించుకునింది. గమ్మున సూడు."

కాసేపటికి ఆ రెండో పిల్ల ఇంట్లోవాళ్ల బలవంతానికి వేరే పెళ్లికి ఒప్పుకుని బస్సెక్కింది. అంతే, చాపల మీద గోల!

"పూలు పెట్టించుకోని యాడికే పొయ్యేది? దిగు! బస్సు దిగవే!"

ఆమె దిగింది. వెనక్కొచ్చి తలుపు తట్టింది. వరదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. అవ్వ మాత్రం టీవీని వదిలేసి మనవరాలి మొహమే చూస్తోంది.

ధరణి సీడీ పట్టుకుని కొట్టుకు పరుగెత్తింది.

"తిట్టినారా?" భానుశ్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాగా తిట్టినారు."

"సచ్చినా! ఎవుర్ని?"

"బస్సెక్కినామెని!"

జరిగిందంతా వినేసరికి భానుశ్రీ స్టూలు మీద కూలబడింది. కన్నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"మే, తెలిసే ఇచ్చినావా?" ధరణి మెల్లగా అడిగింది.

"తెలీకుండా ఇస్తారా యాడైనా? నోటితో చెప్పే ధైర్యం లేకనే ఇచ్చినా. ఇచ్చినకాణ్ణించి వీధి తట్టే సూస్తా ఉండా."

"నాకూ ధైర్యం లేకనే కదా నీతో కొట్లాడేది." ధరణి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు నువ్వంటే ప్రాణం మే."

బయట దగ్గు వినిపించింది. గుమ్మంలో నాగులమ్మవ్వ! చేతులు చటుక్కున విడిపోయాయి.

"ఎందుకు ఒదిలేస్తారు?" అవ్వ ఆయాసపడుతూ మెట్టు మీద చతికిలబడింది. "పట్టుకోండి. దీనికి ఇంట్లో సంబంధాలు సూస్తా ఉండారు. వాళ్ల నాయనతో నేను మాట్లాడతా. నా కొడుకు నా మాట కాదని యాడికి పోతాడు?"

ధరణి మళ్లీ భానుశ్రీ చెయ్యి పట్టుకుంది.

అప్పుడే సీడీ కోసం వచ్చిన చెంగయ్య సైకిలు ఆపి, "కొట్టు తెరిచినారా అవ్వా?" అన్నాడు.

"లేదప్పా" అంది అవ్వ, గుమ్మానికి అడ్డంగా కాళ్లు చాపుకుంటూ. "సాయంత్రం రాపో."