పల్లీ ఉండలు, పరగడుపు

"పరగడుపున ఉండాలని చెప్పానా లేదా?"

టీబీ రోగుల రక్తం మీద పరిశోధన చేస్తున్న ప్రసన్నలక్ష్మి సూది చేత పట్టుకుని గద్దించేసరికి, వెల్దుర్తి క్వారీలో టిప్పర్ తోలే సాయిబాబు గోడకు అతుక్కుపోయాడు. మంచం మీద అతని తండ్రి పోలయ్య మూతికి పల్లీ పొట్టు అంటుకుని ఉంది.

"నేనే ఉండలు పెట్టా మేడమ్. మీరు రక్తంలో చూసే ఆ ట్రిప్టోఫాన్ అనే పోషకం పల్లీల్లో చానా ఉంటదని ఫోన్లో చూశా. నాయనకి మంచి మార్కులొస్తయ్యని..."

"ఇదేమన్నా టెన్త్ పరీక్షా? తిన్నాక రక్తం తీస్తే నా రీసెర్చ్ లెక్కంతా తప్పు!"

బయట వాన, లోపల ఉరుము. తిడుతూ కూడా ఇంత బాగుండటం అన్యాయమనిపించింది సాయిబాబుకు.

"తిట్టండి, పడతా. టీబీ వచ్చిన కాడ్నించి నాయన మాటే మానేశాడు. నిన్న మాత్రలు నెట్టేసి, 'పిరికోణ్ణయిపోయాన్రా' అని ఒక్క మాటన్నాడు. నాకేం తోచలా."

ఆమె కోపం చప్పున చల్లారింది. పోలయ్య పక్కన కూర్చుంది.

"పిరికితనం కాదు బాబాయ్. క్రిమి వచ్చిందంటే ఒళ్లు తన ట్రిప్టోఫాన్‌ను తనే విరగ్గొట్టేస్తుంది. ఎలుకలకు గింజలు దక్కకూడదని మన గాదెకు మనమే నిప్పు పెట్టుకున్నట్టు. మనసుకు హుషారిచ్చే సరుకూ ఆ గింజలతోనే తయారవ్వాలి. నీ దిగులుకు అదీ ఒక కారణం కావచ్చు. టీబీ క్రిమేమో మహా ముదురు, తన గింజలు తనే పండించుకుంటది. దాన్ని చంపేది మాత్రలే."

పోలయ్య మెల్లగా చెయ్యి చాచి మాత్రలు అందుకున్నాడు.

సాయిబాబు కళ్లు తడిశాయి. ఎంత తెలివి, ఎంత నెమ్మది! ఒక్కటే ముల్లు గుచ్చుకుంది. బాబాయ్ అంటుందేంది? అంటే తను అన్న వరసా?

కొన్ని నెలలకు, చివరి శాంపిల్ రోజున పోలయ్య పరగడుపునే వాకిట్లో కూర్చుని ఎదురుచూశాడు.

"పోయినసారి రిజల్ట్ చూశా. గాదెలో మంట బాగా తగ్గింది బాబాయ్," అంది ఆమె, రక్తం తీస్తూ.

"అది సరేగాని అమ్మాయ్, నువ్వు బాబాయ్ అన్నప్పుడల్లా మావోడు నెత్తిన బండరాయి పడ్డట్టు అయిపోతన్నాడు. ఇంకో వరసేదన్నా చూడరాదూ?"

"నాయనా!" సాయిబాబు తలుపు చాటుకు పరుగెత్తాడు.

నోరు విప్పని మనిషి మేలమాడుతున్నాడు! ఏ మిషనూ ఇవ్వని రిజల్ట్ ఇది. ప్రసన్నలక్ష్మి శాంపిల్‌ను ఐసు పెట్టెలో భద్రంగా సర్దింది.

"నా పని అయిపోయింది. ఇక మేడమ్‌ను కాదు. ఏవయ్యా సాయిబాబూ, ఆ పల్లీ ఉండలేవీ? నేనూ ఏమీ తినకుండా వచ్చా."

అతను డబ్బా తెచ్చాడు. ఆమె మొదటి ఉండ తీసి పోలయ్య చేతిలో పెట్టింది.

"ఇప్పుడు తినొచ్చు మావయ్యా."