పడమటి ఒడ్డున పొద్దు పొడిచింది

"మన ఇన్ఫార్మర్‌ని నిన్న కాల్చేశారు. సైలెన్సర్ గన్." ఫోన్‌లో ఇంగ్లిష్‌లో చెబుతున్న చీఫ్ గొంతు పొడిగా ఉంది. "పోయేముందు ఒక్క మెసేజ్ పంపాడు. ఉదయం ఏడున్నరకి కరకట్ట పేల్చేస్తారు. లోకల్ ఏజెంట్ వచ్చి నీకు స్పాట్ చూపిస్తుంది. కోడ్ తెలుగులో పెట్టాం."

ఏజెంట్ ఉమాకాంత్ వాచీ చూసుకున్నాడు. ఏడుంబావు. 2011 మే నెల. మిసిసిపీ నది అంచుదాకా నిండి ఉంది, న్యూ ఆర్లీన్స్ ఊరేమో నదికన్నా దిగువన. కట్ట తెగితే మూడు లక్షలమంది నీళ్లపాలు.

లోకానికి అతనొక టూరిస్ట్ గైడ్. ఫ్రెంచివాళ్లు కట్టారు, స్పెయిన్‌వాళ్లు ఏలారు, మళ్లీ ఫ్రెంచివాళ్లే పుచ్చుకుని అమెరికాకి అమ్మేశారు అంటూ పదకొండేళ్లుగా రోజూ అదే పాట. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. అందుకే తీరిక దొరికితే కరకట్ట వెంట నడిచేవాడు.

ఎర్ర గౌను, నల్ల కళ్లద్దాలు. కట్టమీద ఒక అందగత్తె ఎదురొచ్చింది.

"రాయల్ స్ట్రీట్‌కి స్పెయిన్‌వాళ్లు పెట్టిన పేరేంటండీ?"

"కాయే రియాల్."

కోడ్ సరిపోయింది. కానీ అతని మనసు కరిగింది కోడ్‌కి కాదు, ఆ "అండీ"కి.

"నేను శశికళ. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, డాడీ డాక్టర్. బాంబ్ వెస్ట్ బ్యాంక్‌లో ఉంది. బ్రిడ్జ్ దాటాలి, నేను డ్రైవ్ చేస్తా."

"ఎండ కళ్లల్లో కొడుతుందండీ."

"వెళ్లేది వెస్ట్‌కి కదా. వెనకుంటుంది."

ఉమాకాంత్ ఆగిపోయాడు. ఇక్కడ నది మెలిక తిరగడంతో వెస్ట్ బ్యాంక్ అనే ఆ ఒడ్డు తూర్పున పడింది. పొద్దు పొడిచేది దానిమీదే. ఈ ఊళ్లో పుట్టిన పసిపిల్లకైనా అది తెలుసు.

ఈమె ఇక్కడ పుట్టలేదు. డబుల్ ఏజెంట్. తనని నది దాటిస్తోందంటే బాంబు ఈ ఒడ్డునే ఉంది. నమ్మబుద్ధి కాలేదు, ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఆమె చేతికి బేడీ వేసి రెయిలింగ్‌కి తగిలించి పరుగెత్తాడు.

కట్టమీది వరదగోడలో ప్రతి బోల్టూ అతనికి తెలుసు. మూడో వరదగేటు పక్కన నిన్న లేని బూడిదరంగు పెట్టె ఉంది. మూత ఊడబీకాడు. టైమర్‌లో తొమ్మిది సెకన్లు. తాళాలగుత్తిలోని కట్టర్‌తో డిటొనేటర్ వైరు తెంచాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది.

పోలీసులు ఆమెను వ్యాన్ ఎక్కిస్తున్నారు.

"నీ చేతులు పడిపోను. నీకు పుట్టగతులుండవురా," అంటూ శశికళ అందుకుంది.

"ఏమంటోంది, సర్? డోర్ వేసేయమంటారా?" అని ఆఫీసర్ అడిగాడు.

"కాసేపు ఉండనివ్వండి," అన్నాడు ఉమాకాంత్. "తెలుగు విని చాలా కాలమైంది."