అక్క నంబరు

"నాలుగింటికి మీ బావ దొరికిపోతాడు," అన్నాడు ఫోన్లో చీఫ్. "ఇప్పుడు రెండూ పది."

ఏజెంటు మెట్ల దారిలోకి వెళ్లి తలుపు వేశాడు. మెడలో కార్డు మీద సాఫ్ట్‌వేర్ టెస్టర్ అని ఉంది. ఆ రవాణా కంపెనీలో అందరూ అదే నమ్మారు.

"ఎలా సార్?"

"మీ బావకి అక్కడ రెండు ఉద్యోగాలు. లారీ డ్రైవరుగా ఒక పేరు, గోడౌన్లో హమాలీగా ఇంకో పేరు. విదేశీ ముఠా ఆయుధాలు ఎక్కించేదీ దించేదీ చూడాలంటే మన మనిషి రెండు చోట్లా ఉండాలి. లారీల సిస్టమ్ వేరు, గోడౌన్ సిస్టమ్ వేరు కాబట్టి మూడేళ్లు బతికిపోయాడు. ఇవాళ రెంటినీ కలిపేస్తున్నారు."

"పేర్లు వేరు కదా!"

"మ్యాచింగ్ ఫోన్ నంబరుతో. ఒక నంబరుంటే ఒకే మనిషి కింద లెక్క. రెండు దరఖాస్తుల్లోనూ మీ అక్క నంబరే రాశాడట. ఒకసారి మాటల్లో చెప్పాడు."

"ఈ మనిషిని..."

"తిట్లు తర్వాత. లారీ దారిలో ఉంది. డ్రైవర్ల ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు, కబురు అందదు. సిస్టమ్‌లు కలుపుతున్నది మీ కంప్యూటర్ల మేడమ్. డబుల్ ఏజెంటు, మన డిపార్ట్‌మెంటు దగ్గరా జీతం తీసుకుంటుంది, ముఠా దగ్గరా. రెండు పేర్లున్నవాళ్ల లిస్టు తయారవగానే ముఠాకి మెయిల్ వెళ్తుంది."

"ఆవిణ్ణి పట్టుకుంటే?"

"లోపల మన మనిషి ఉన్నాడని మనమే చాటింపు వేసినట్టు. ఆ లిస్టు ఆపు. ఎలాగో నాకు తెలీదు."

ఏజెంటు బెల్టు బకిల్లో వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్ ఉంది. కంపెనీ కంప్యూటర్లన్నిటికీ యూఎస్‌బీ కంతలు జిగురుతో మూసేశారు. అతని లాగిన్‌తో రికార్డు చూడొచ్చు, చెరపలేడు. కలిపే పని వాయిదాకి మూడు సంతకాలు కావాలి. మూడో ఆయన సెలవులో ఉన్నాడు. ఫైర్ అలారం నొక్కాడు. మోగలేదు.

మూడూ యాభైకి అక్క ఫోన్ చేసింది.

"ఏరా, మీ బావ సాయంత్రం వస్తాడా? పిల్లకి మాటిచ్చాడు."

"వస్తాడక్కా."

"గొంతేంట్రా అలా ఉంది?"

"జలుబు."

సర్వర్ గదిలో మేడమ్ స్క్రీన్ ముందు కూర్చుని ఉంది. చెవికి వజ్రం, చేతిలో కాఫీ కప్పు.

"రా తమ్ముడూ. ఏసీలో కూడా చెమటలేంటి?" అని కుర్చీ చూపించింది. "రెండు పేర్లతో తిరిగే ఘనులుంటారు కంపెనీల్లో. ఇంకో నిమిషంలో చూద్దువుగాని."

ఏజెంటు కూర్చున్నాడు. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. తొంభై ఎనిమిది శాతం. తొంభై తొమ్మిది. అక్క నంబరు అతనికి నోటికొచ్చు. అంకెలు ఒక్కొక్కటే మనసులో చదువుకున్నాడు.

మెయిల్ వెళ్లిపోయింది. లిస్టు తెరుచుకుంది. అందులో ఉన్నది ఒకే నంబరు, ఒకే ఒక్క మనిషి. అతనికి నాలుగు వందల పన్నెండు పేర్లు.

మేడమ్ కప్పు కింద పెట్టింది. గోడౌన్ గుమస్తాని పిలిపించింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చాడు.

"హమాలీలందరికీ ఒకే నంబరేంటండీ?"

"గేటు ఫోనమ్మా అది. నంబరు కొట్టకపోతే మీ కంప్యూటరు సేవ్ చేయనివ్వదు. వీళ్లేమో నెలకో సిమ్ మారుస్తారు. నేనెవడి వెంట పడను? అందరికీ అదే కొట్టేశా."

"దరఖాస్తుల్లో రాసిన నంబర్లు?"

"ఎవరు చూశారమ్మా!"

అక్క నంబరు గోడౌన్ సిస్టమ్‌లోకి ఎక్కనేలేదు. ఏజెంటు లేచి బయటికి నడిచాడు.

నాలుగుంపావుకి గేటు దగ్గర నిలబడ్డాడు. బావ లారీ లోపలికొచ్చింది. బావ అతన్ని చూసి, ఎవరో పరాయివాడిని చూసినట్టు తల తిప్పుకున్నాడు. చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాష్! మీ బావని ఇవాళే బయటికి తీసేద్దాం. ఎలా ఆపావయ్యా?"

"నేనేం ఆపలేదు సార్. కూర్చున్నానంతే."

అప్పుడే గేటు ఫోన్ మోగింది. అవతల ఎవరిదో విదేశీ యాస. గుమస్తా ఎత్తి ఓపిగ్గా విన్నాడు.

"పేరు చెప్పండి సార్, పిలుస్తాను. ఈ నంబరు మీద నాలుగు వందల పన్నెండు మందిమి ఉన్నాం."