రిలీఫ్ రాని గేటు

ఆ గేటు పేరెత్తితే చాలు, ఉయ్యూరు ఆటోవాళ్లు "నేన్రానండీ" అని మొహమ్మీదే చెప్పేస్తారు. పొద్దుగూకాక ఆ కాలవ గట్టు మీద మనిషన్నవాడు కనపడడు. ఒకడి బండి అక్కడ ఉన్నట్టుండి ఆగిపోతే, దాన్నక్కడే వదిలేసి పరిగెత్తాడు... మళ్లీ తెచ్చుకోడానికి కూడా వెళ్లలేదు.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. బెజవాడ పటమటలో ఇన్నేళ్లుగా టిఫిన్ బండి నడుపుతున్నా, బతికున్నవాళ్లు పెట్టిన భయాలే నాకు చాలు. కానీ ఇది చెప్పింది లారీ డ్రైవరు ఫిలిప్. అబద్ధమాడ్డం చేతకాదు వాడికి.

ముందు గేటు సంగతి వినండి. చల్లపల్లి వైపు నుంచి ఒకప్పుడు చిన్న రైలు నడిచేది. చెరుకు, ధాన్యం, పెళ్లివాళ్లు, బడిపిల్లలు, అందరూ దాంట్లోనే. ఆ రైలు కంపెనీని ఇంకో కంపెనీ కలిపేసుకుంది. దాన్ని ఇంకోటి మింగింది. మూడోదానికి తన కింద ఒక రైలుందన్న సంగతే తెలీదు, వాళ్ల మొహాలు మండ! ఒక కాయితం ముక్కతో లైను మూసేశారు. కాయితం స్టేషన్లన్నిటికీ వెళ్లింది. గేటు దగ్గరున్న జక్కయ్యకి మాత్రం వెళ్లలేదు.

గేటు డ్యూటీకి ఒక పద్ధతుంది. బదులు మనిషి, అదే రిలీఫ్, వచ్చి రిజిస్టర్లో "చార్జి తీసుకున్నాను" అని సంతకం పెడితేనే పాతవాడు దిగాలి. అంతవరకూ కదలకూడదు. జక్కయ్య కదల్లేదు. అయినవాళ్లొచ్చి ఎంత బతిమాలినా, "రిలీఫ్ రానీండి, వస్తా" అనేవాడట. ఆ గదిలోనే పోయాడు. గది కప్పు కూడా ఎప్పుడో కూలిపోయింది.

ఇహ మొన్నటి మాట. పవన్‌కుమార్ అని మా పటమటాయనే. ఆ పట్టాలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయో ఆ కంపెనీలో ఉద్యోగం. ఇద్దరు ఆడపిల్లలు. ఆ కంపెనీ కూడా మర్నాటి నుంచి ఇంకో పెద్దదాంట్లో కలిసిపోతోంది. పై ఆఫీసరు పిలిచి, "తెల్లారేలోగా ఆ పాత పట్టాలు ఎత్తించు. లేకపోతే తీసేసేవాళ్ల లిస్టులో మొదటి పేరు నీదే" అన్నాడు. పాపం, ఆయన ఫిలిప్ లారీ మాట్లాడుకుని, కూలీల్ని గేటు అవతల ఊళ్లో ఎక్కించుకోవచ్చని ఆ రాత్రే బయల్దేరాడు. దారంతా ఒకటే మాట — "ఈ ఒక్క రాత్రి గడిస్తే ఉద్యోగం నిలబడుతుంది ఫిలిప్ గారూ."

గట్టు మలుపు తిరిగారు...

గేటు వేసి ఉంది.

ఎన్నో ఏళ్లుగా అక్కడ గేటే లేదు! ఇప్పుడు రోడ్డుకి అడ్డంగా ఇనప గొట్టం, నిన్ననే రంగేసినట్టు. పక్కన గది — కప్పుతో సహా. కిటికీలో దీపం.

ఫిలిప్ లారీ ఆపేశాడు. పవన్‌కుమార్‌కి ఆ గేటు కథ తెలీదు. తెలిసినా ఆగే తీరిక లేదు. దిగి, "ఎవరయ్యా లోపల? గేటు తియ్యి!" అని అరిచాడు.

లోపల్నుంచి గుసగుస... "రిలీఫా బాబూ?"

వద్దండీ, వచ్చేయండని అరుద్దామనుకున్నాడు ఫిలిప్. అంతలోనే పవన్‌కుమార్ జవాబిచ్చేశాడు.

"ఆ, నేనే! కంపెనీ మనిషినే. తొందరగా కానియ్!"

కిటికీలోంచి రిజిస్టరు బయటికొచ్చింది. పట్టుకున్న చెయ్యి కనపళ్లేదు. ఆఫీసువాళ్ల సంగతి తెలిసిందేగా, కాయితం ముందు పెడితే చాలు, చదవకుండా సంతకం గీకేస్తారు. పవన్‌కుమార్ గీకేశాడు.

గేటు లేచింది. లోపల పెద్ద నిట్టూర్పు... ఆ తర్వాత చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో గట్టు దిగి ఊళ్లోకి వెళ్లిపోయారు. చప్పుడే గానీ మనిషి లేడు.

"మీరు పోనివ్వండి, వెనకే వస్తా" అన్నాడు పవన్‌కుమార్. ఫిలిప్ లారీ దాటించి ఆపాడు. వెనక్కి తిరిగి చూస్తే —

గేటు లేదు. కప్పు కూలిన గది, చుట్టూ తుమ్మచెట్లు. పవన్‌కుమార్ లేడు.

ఫోను మోగింది.

"ఫిలిప్ గారూ... ఇక్కడే ఉన్నా. మీరు నాకు కనిపిస్తున్నారు. అడుగు పడట్లేదండీ... నా బదులు ఎవర్నైనా పంపమని ఆఫీసులో చెప్పండి."

తెల్లారేదాకా వెతికాడు ఫిలిప్. గొంతు పోయేలా పిలిచాడు. పదింటికల్లా బెజవాడ ఆఫీసులో ఉన్నాడు. అప్పటికే పాత బోర్డు పీకేసి కొత్తది బిగిస్తున్నారు. కౌంటర్లో రుచిత అనే అమ్మాయి కంప్యూటర్లో ఒకటికి రెండుసార్లు చూసింది.

"పవన్‌కుమార్ అని ఎవరూ లేరండీ. పాత లిస్టులోనూ లేరు, కొత్తదాంట్లోనూ లేరు. మీరు చెప్పే గేటు కూడా మా దాంట్లో లేదు."

"అమ్మా, ఆయనకి చిన్న పిల్లలు తల్లీ... ఒక్క మనిషిని పంపండి, చాలు!"

"లేని గేటుకి ఎవర్ని పంపమంటారండీ?" అని, వెనకాలాయన్ని ముందుకి రమ్మంది.

అప్పుడు మోగింది మళ్లీ ఫోను. ఇది చెప్పేటప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు ఫిలిప్, నా బండి దగ్గర, పదిమందిలో.

"ఫిలిప్ గారూ... ఎవరైనా బయల్దేరారా?"

"ఆ, బయల్దేరారండీ. దార్లో ఉన్నారు" అనేశాడట.